ఒక్క సెకను తలుపు

తలుపు తెరిచింది నేనే.
బోజెనాని. రాత్రి డ్యూటీ, నేల తుడిచే మనిషిని.
ఎర్ర అట్టముక్క మీద ఐస్లాండు భాషలో ఏదో రాసి ఉంది.
ఆ భాషలో నాకు వచ్చింది నాలుగు ముక్కలు:
రొట్టె, మంచు, సరే, జీతమెప్పుడు.

హ్వెరాగెర్దిలో డిసెంబరు.
పొద్దు పదకొండు దాటాక లేచి
మూడున్నరకే మళ్ళీ ముసుగు తన్నేస్తుంది.
నేల పగుళ్ళలోంచి ఆవిరి.
అద్దాల తోటల్లో టమాటా చెట్లకు
తెల్లవార్లూ నారింజ దీపాలు, జాగరణ.
ఈ ఒక్క గదినే చీకట్లో పెంచుతున్నారు.

వరండా ట్యూబులైటు
నా భుజం మీదుగా లోపలికి దూకింది.
స్టెయ్‌నున్ కేక.
మూసేశాను.
అంతా కలిపి ఒక్క సెకను,
నిమిషంలో అరవయ్యో వంతు.

లోపలికి రమ్మంది. తిట్టడానికే అనుకున్నాను.
పచ్చటి చిన్న దీపం వెలిగించింది.
"ఈ రంగు వీటికి దాదాపు చీకటే."
తడి కాగితం మీద ఆవ మొలకలు,
వెన్నరంగులో, దారాల్లా సన్నగా,
మెడలు గాలంలా వంచుకుని
రెండేసి ఆకుల్నీ దోసిలిలా మూసుకుని.
పైన ఎక్కడో వెలుతురుందని
గింజలో దాచుకున్న నూనె చుక్కంతా
పొడుగవడానికే ఖర్చు పెడుతున్నాయి.

"చూసేశాయి," అంది. "పదకొండు వారాల పని."

కళ్ళేవీ? అన్నాను.
నిజంగానే అడిగాను, వెటకారం కాదు.

కాసేపు నన్నే చూసింది.
తర్వాత తలుపు గడియ మీద చెయ్యి వేసి చెప్పింది:
ఒళ్ళంతా ఇలాంటి గడియలే,
కంటికి ఆననంత చిన్నవి.
ఎర్రటి వెలుగు తగిలితే ఇటు జరుగుతాయి.
ఎరుపు చివర, మన చూపు ఆగిపోయే చోట,
ఇంకో ఎరుపు ఉంది;
అది తగిలితే వెనక్కి.
పై ఆకులు మొదటి ఎరుపును తాగేసి
రెండోదాన్ని కిందికి వదిలేస్తాయి.
అది మీద పడిందంటే మొలకకు తెలుస్తుంది,
నెత్తిన ఎవరో ఉన్నారని.

ఆ బతుకు నాకు తెలుసు.
సెల్‌ఫోస్‌లో నేలమాళిగ గది నాది.
పైవాళ్ళ అడుగుల్ని బట్టి టైము చెప్పగలను.

"అయితే వెనక్కి జరిపెయ్యండి," అన్నాను,
మరక పడితే తుడిచెయ్యమన్నట్టు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.
రెండు ట్రేలు తీసి ఆ రెండో ఎరుపు కింద పెట్టింది, ఐదు నిమిషాలు.
నాకేమీ కనపడలేదు, ముంజేతికి కొంచెం వెచ్చగా తగిలింది, అంతే.
రెండు ట్రేలు ఎలా ఉన్నవి అలానే.
బీరువాలో ఇంకొకటి, తలుపు సంగతే ఎరగనిది.

నాలుగో రాత్రి వచ్చి చూడమంది.

బీరువాలోది అలాగే వంగి ఉంది.
ముట్టుకోని ట్రేల్లో మెడలు లేచాయి, దోసిళ్ళు విడుతున్నాయి.
పచ్చబడలేదు మాత్రం;
పచ్చబడటానికి వాటికి మళ్ళీ వెలుతురేదీ?
నేను చూపించింది అంతే కదా, ఒక్క సెకను.
గొంతు పట్టేసింది. బకెట్టు సర్దుకుంటున్నట్టు నటించాను.

తుడిచేసిన ట్రేలు?
వంగే ఉన్నాయి. మరిచిపోయినట్టే ఉన్నాయి.
స్టెయ్‌నున్ స్కేలు పెట్టి ఒక్కొక్కదాన్నీ కొలిచింది,
రెండువందల నలభై మొలకలు.
చీకట్లో ఉన్నవాటికన్నా ఇవి పొట్టి,
చాలా కొంచెం,
ఆవగింజలో అరవయ్యో వంతు.

"పూర్తిగా చెరగలేదు," అంది.
సంతోషమో విసుగో ఆ పచ్చదీపంలో తెలియలేదు.
నోటుబుక్కులో ఆ వరుసకు నా పేరు పెట్టింది, స్పెల్లింగు తప్పు.

ఇప్పుడు ప్రతి మంగళవారం రెండూ పదికి
వాచీ పట్టుకుని లోపల తను,
బయట నేను.
అదే ట్యూబులైటు, అదే భుజం.
ఒక్క సెకను కచ్చితంగా తెరవడం
నేల తుడిచినంత తేలిక కాదు.
ఖాళీ గది తలుపు మీద రోజూ సాధన చేస్తున్నాను.